ఏడో మడత

చియాతూరాలో మా మందుల కొట్టు
రోప్‌వే దిగువ స్టేషన్ పక్కనే.
తలుపు తీస్తే క్విరిలా నది నల్లటి వాసన,
తలెత్తితే తీగకి వేలాడే డబ్బా,
డబ్బాలో నిలబడి మాల్హాజ్.

నెలకోసారి వచ్చేవాడు. నూట ఇరవై మాత్రలు,
నారింజ తొక్క రంగువి.
"ఉచ్చ కూడా ఈ రంగే త్సియాలా,
గోడలకి వేసుకోవచ్చు" అని నవ్వేవాడు.
నేనూ నవ్వి చిల్లర లెక్కపెట్టేదాన్ని.
మూడేళ్లు. ముప్పై ఆరుసార్లు చిల్లర లెక్కపెట్టాను.

ఆ మాత్రల్ని తిట్టను.
అవి రాకముందు అతని పేగు నిండా పుళ్లు.
లోయ నడిమధ్య డబ్బా ఆగిపోతే
పదిమంది ముందు పొట్ట పట్టుకుని
కళ్లు మూసుకున్న మనిషిని మా అక్క చూసింది.
ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఈలోగా ఊరంతా నెస్తాన్ నడుముకేసి చూసింది.
అత్తది ఒక కషాయం, పిన్నత్తది ఒక మొక్కు.
కుతాయిసీలో గర్భసంచిలోకి రంగు ఎక్కించి ఫొటో తీశారు.
అన్నీ బాగున్నాయంది ఫొటో.
బాగున్నాయంటే ఎవరూ నమ్మలేదు.
విందులో తమదా గ్లాసెత్తి "పుట్టబోయే బిడ్డలకి!" అనగానే
అందరూ గటగటా తాగేస్తే
మాల్హాజ్ ఒక్కడే గ్లాసు అడుగున ఏదో వెతుక్కునేవాడు.
అతన్ని పరీక్షించమని ఎవరంటారు,
రోజూ ఊరిని కొండ దాటించేవాణ్ణి!

మార్చిలో ఒక సాయంత్రం నెస్తానే వచ్చింది.
తనకి ఫోలిక్ యాసిడ్, ఆయనకి ఆయన మాత్రలు.
రెండూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టాను.
నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డబ్బాలోని కాగితం విప్పాను. ఒక మడత, మూడు, అయిదు.
ఏడో మడతలో, చీమ తలకాయలంత అక్షరాలు:
మగవారిలో వీర్యకణాలు తగ్గవచ్చు,
మందు ఆపాక మళ్లీ పెరుగుతాయి.
కాలేజీలో చదివాను దీన్ని. పరీక్షలో రాశాను.
మార్కులూ వచ్చాయి.

నెస్తాన్ అరవలేదు.
"నువ్వు చదువుకున్నదానివి కదా" అంది, అంతే.

మర్నాడు మాల్హాజ్ సగం దించిన షట్టరు కింద వంగి వచ్చాడు.
దగ్గుమందు సీసాలకేసి చూస్తూ అడిగాడు:
"అయితే నేను... అదీ..."
"ఉచ్చ రంగు ఊరికి చెప్పేవాడివి,
దీనికెందుకు గుటకలు?" అన్నాను.
నా గొంతూ తడారిపోయింది.
"ఇవాళే పారేస్తా వీటిని."
"నీ అంతట నువ్వు మానకు. డాక్టరుకి చెప్పు.
సల్ఫా కలవని చెల్లెలి మందు ఒకటుంది."
"ఎన్నాళ్లు?"
"కొత్త కణం తయారవడానికి రెండు మూడు నెలలు."
"తీగ మార్చడానికీ అంతే పట్టింది" అన్నాడు.

మేలో పుళ్లు రెండుసార్లు రేగాయి.
డబ్బా వేరే కుర్రాడు నడిపాడు.
జూలైలో లెక్క పెరిగిందన్నాడు, ఎంతో చెప్పలేదు.
తర్వాతి సంగతి వాళ్లింటిది.

ఇప్పుడు జుట్టు రాలుతోందని వచ్చే కుర్రాళ్లనీ,
దిగులు మందు మింగే లెక్కల మాష్టారునీ,
కండలకని సూదులు పొడిపించుకునే గని మనిషినీ
కౌంటరు మీదికి వంగి, మెల్లగా అడుగుతున్నాను:
"పిల్లల ఆలోచన ఉందా? పడకలో అంతా బాగేనా?"
కొందరు ఎర్రబడి విసురుగా వెళ్లిపోతారు.
వెళ్లనీ.
చిల్లర నా దగ్గరే ఉంది, తిరిగొస్తారు.