శివారు వంతు

రాత్రి రెండుంపావుకి కరెంటు పోయింది.
ఉండిలో, ఐసు ఫ్యాక్టరీ వెనక గదిలో
చివరి పచ్చదీపం కూడా కన్ను మూసింది.
రెండున్నరకి వచ్చింది.
వచ్చీ రాగానే ఒక్క పెట్టెలో ఆరు యంత్రాలు,
ఉన్నట్టే పనిచేసేవి, ఇనుము లేనివి,
ఒక్కసారే లేచి కూర్చున్నాయి.
ఒకటే డిస్కు, ఆరు ఆకళ్లు.

ఏరేటర్లు తిప్పే సర్వీసు ముందు లేచి
డేటాబేసుని పిలిచింది.
అది ఇంకా మొహం కడుక్కుంటోంది.
మూడుసార్లు పిలిచి, బదులు రాక,
లాగ్‌లో ఒక్క వరస రాసి పడుకుంది.
గంట మోగలేదు.
తెల్లారకముందే బుల్లిరాజు గారి చెరువులో
రొయ్య గాలి వెతుక్కుంటూ పైకి తేలింది.

పొద్దున్నే లాకుల మీద టీ తాగుతూ
నా తప్పు ఏసుపాదం గారికి చెప్పుకున్నాను.
ముప్ఫై ఏళ్లు లస్కరు. కంప్యూటరంటే ఆయనకి
మనవరాలి ఫోటో ఉండే చోటు.
"తలుపులన్నీ ఒక్కసారే ఎత్తితే
నీళ్లు కాదమ్మా పారేది, గట్టు.
ఒకటెత్తు. చప్పుడు మారిందాకా ఆగు.
అప్పుడు రెండోది."

చప్పుడు మారడానికి ఎంతసేపు?
తొంభై సెకన్లు, అని రాశాను.
డేటాబేసు ముందు, దాని వెనక ఏరేటర్లు.
ఐసు లెక్కలు, మేత బాకీలు, ఆఫీసు ఫైళ్లు
పొద్దెక్కి లేచినా ఎవరి ఊపిరీ పోదు.
ఆరోది మిగిలింది. పేరు పరీక్ష-2.
నాకన్నా ముందున్న గంగాధరం పెట్టి వెళ్లింది,
ఎందుకో ఎక్కడా రాయలేదు.
దానంతటది లేవాలా అని అడిగే గడిలో
టిక్కు తీసేశాను.
అటక దులిపినంత హాయి.

ఆ రాత్రి మళ్లీ పోయింది, వచ్చింది.
చీకట్లో నిలబడి విన్నాను,
ఫ్యాను గొంతు ఒక్కో మెట్టూ ఎక్కడం.

మూడో రోజు సైకిలు మీద
కొల్లాటి పోతురాజు వచ్చాడు, కాలవ చివరి నుంచి.
"అమ్మాయిగోరూ, ఉప్పు మెసేజీ రాట్లేదేంటండీ?"
నాకు తెలియని పదిహేడు ఫోన్లకి
పోటు ఎక్కే ముందు ఉప్పుటేట్లో ఉప్పెంతో
రోజూ చెబుతూ వచ్చిందట పరీక్ష-2.
చెరువులోకి నీరు తోడాలో వద్దో
ఆ అంకె చూసే తేల్చుకుంటారట.
"రెండ్రోజులు నాలిక మీదేసుకుని చూసుకున్నామండి."

టిక్కు మళ్లీ పెట్టాను.
ఏరేటర్ల తర్వాత, బాకీల కన్నా ముందు.
పేరు మారుద్దామనుకుని, మార్చలేదు.
కింది ఖాళీలో మాత్రం రాశాను:
శివారు వాళ్లది. ఆపొద్దు.

సైకిలు స్టాండు తీస్తూ అడిగాడు,
"మరి కరెంటు పోతేనో?"
వచ్చాక మూడు నిమిషాలు ఆగాలి, అన్నాను.
నవ్వాడు.
"నీటి కోసం మూడు వారాలు ఆగినోళ్లం.
నిమిషాలు మాకో లెక్కాండీ."