కూర్చున్న కంటికి

ఆ ఆఫీసు నాకు అక్షరాలుగానే తెలుసు.
గుంటూరు కలెక్టరేటు వెనక, రేకు మీద
'స్త్రీ సంక్షేమం' అని మొదట రాసింది నేనే.
క్ష వంపు తిరగడానికే సగం పూట పట్టింది.
లోపల కుట్టుమిషన్లు, వాటికి తాళం,
అర్జీ ఫారంలో భర్త సంతకానికి గీత.

పదేళ్లకు అదే రేకు దించి నా ముందు పడేశారు.
సంక్షేమం గీకి 'అభివృద్ధి' పెట్టమన్నారు.
ఎంత గీకినా కింద నుంచి క్ష తోక కనపడుతూనే ఉంది.
రెండు పూతలు ఎక్కువ కొట్టాను. బిల్లు ఒక పూతకే ఇచ్చారు.

ఆ బోర్డు కిందే
మా రాజరత్నం నా మీద అర్జీ పెట్టింది.
చెప్పకూడదు గానీ చెబుతున్నా.
పెదవి మీద మూడు కుట్లు, చేతిలో తెల్లకాగితం.
నన్ను పిలిపించి కుర్చీ వేశారు.
ఆమెను నిలబెట్టి,
"సర్దుకుపోమ్మా, పెయింటరు మంచోడే" అన్నారు.
నాకు టీ కూడా వచ్చింది.
టీ బాగుందని ఇంటికొచ్చి అన్నాను, చూడండి.
ఇప్పటికీ ఆ వీధిలోంచి పోయే ఆటో ఎక్కదు రాజరత్నం.

తర్వాత 'సాధికారత' వచ్చింది.
అది నేను రాయలేదు. ఫ్లెక్సీ.
నవ్వే పిల్ల బొమ్మ, ఏ ఊరి పిల్లో,
రెండు ఎండలకే పాలిపోయింది.

మొన్న వేసవిలో నూర్జహాన్ మేడం కబురంపింది.
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ,
మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు రెండొందల మంది.
"ఫిర్యాదు నంబరు గోడ మీద రాయాలి.
ఫ్లెక్సీ కడితే సాయంత్రానికి బస్తాల మీద కప్పేస్తారు."
గుమాస్తా తలుపు వెనక చోటు చూపించాడు.
కాదంటే పైన, ఫ్యాను పక్కన, అన్నాడు.
మేడం వెళ్లి కాయల మధ్య చతికిలబడింది.
తుమ్మింది. మళ్లీ తుమ్మింది.
తల ఎత్తకుండానే వేలు చూపించింది:
"ఇక్కడ. కూర్చున్న కంటికి."

ముప్పై ఏళ్లు నిచ్చెన మీద రాసినవాణ్ణి,
మోకాళ్ల మీద రాశాను.
కళ్లు కారాయి. ఘాటుకే అనుకోండి.

తిరపతమ్మట, చదువు రాదు, అంకెలొచ్చు.
తోలు ఊడిన వేలితో గాల్లో ఒక్కో అంకే దిద్దుకుంటూ
చివరి తొమ్మిది దగ్గర గోడకు తగిలింది.
తొమ్మిది తోక చెదిరింది.
సరిచేయబోతే వద్దంది, గుర్తుంటుందిలే అంది.
"చేస్తే పలుకుతారా?"
నాకేం తెలుసు? నేను రాసేవాణ్ణి.

రాత్రి గోళ్ల సందుల్లో రంగు చూసి
ఏం రాశావంది రాజరత్నం.
నంబరు చెప్పాను.
ఇంకోసారి చెప్పమంది, నెమ్మదిగా.