మోకాలికీ బోడిగుండుకీ

ముడసర్లోవ కొండ మీంచి మంచు ఇంకా లేవలేదు.
ఏడో గుంట దగ్గర
ఎడమ మోకాలు నన్ను పేరు పెట్టి పిలిచింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఈ హార్బరులో పైలట్‌ని.
డాల్ఫిన్స్ నోస్ పక్కనించి
ఊరంత ఖనిజం ఓడని
గోడకి గీటు పడకుండా లోపలికి తెచ్చినవాణ్ణి,
నిమ్మకాయంత బంతి ముందు
ఒంటికాలి కొంగనై నిలబడ్డాను.

పొడిచినట్టు ఉండదు ఈ నొప్పి.
తలుపు బందులో ఇసక పడ్డట్టుంటుంది.
ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది,
దిగేటప్పుడు లెక్క అడుగుతుంది.

పెదవాల్తేరులో ఫిజియో అమ్మాయి, నీరజాక్షి,
మోకాలు వదిలేసి నా తుంటి నొక్కి చూసింది.
"పైన తుంటి తిరగనంటోంది,
కింద బూటు కదలనంటోంది,
మధ్యలో ఇది పాపం గుమాస్తా అంకుల్,
రెండు సంతకాలూ ఇదే పెడుతోంది."
తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి
నొక్కి పట్టి పది లెక్కపెట్టమంది.
నేను ఏడు దగ్గర వదిలేసేవాణ్ణి.
ఆమెకి పదనే చెప్పేవాణ్ణి.

పోలినాయుడికి అవేం తెలియవు.
ఇరవై ఏళ్లుగా నా సంచీ మోస్తున్నాడు,
నా వీపు వెనక నుంచి నన్ను చదివాడు.
"ఏటి బాబూ, ఆ పాదం గుంజలాగ పాతేసి
ఒళ్లంతా తిప్పేత్తే మోకాలేటి సేత్తాది?
ఏళ్లు కూసింత బయటికి తిప్పండి.
మడమ లేత్తే లెగనీండి."

సిగ్గేసింది.
లంగరు దించిన ఓడని ఇంజనుతో తిప్పకూడదని
కుర్ర పైలట్ల మీద అరిచినవాణ్ణి నేనే.

సరుగుడు నీడలో బెంచీ మీద కూర్చోబెట్టాడు.
నీళ్ల డబ్బాలోంచి గుప్పెడు ఐసు తీశాడు.
కట్టడానికేం లేక
తలకి చుట్టిన తుండు విప్పాడు.
నున్నటి గుండు ఎండకి తళుక్కుమంది.
ఆ గుండు మీది గుడ్డ
నా మోకాలికి రెండు చుట్లు చుట్టి ముడేశాడు.
"మోకాలికీ బోడిగుండుకీ ముడంటే ఇదేరా" అన్నాను.
ఇద్దరం నవ్వాం. దగ్గొచ్చేదాకా నవ్వాం.

అప్పుడు వాడు కూర్చున్నాడు.
ఒక్కసారిగా కాదు. మూడు వాయిదాల్లో.
ముందు సంచీ మీద చెయ్యి,
తర్వాత బెంచీ మీద చెయ్యి,
తర్వాత పళ్ల మధ్యనించి ఓ చిన్న గాలి.

"నీకెప్పట్నించిరా?"
"ఏది బాబూ? కుడిదా, ఎడందా?"

పదమూడు కిలోల సంచీ.
వానలో తడిస్తే పదిహేను.
ఇరవై ఏళ్లలో ఒక్కసారీ
నేను వెనక్కి తిరిగి చూడలేదు,
బంతి ఎప్పుడూ ముందుకే పోతుంది గదా.

విశ్రాంతి తీసుకోమంటే
"కూకుంటే కూలెవుడిత్తాడు" అన్నాడు.
సగం ఐసు వాడి మోకాలికి మార్చబోతే
ఎవరైనా చూస్తారని కాలు లాక్కున్నాడు.

వారం తిరిగేసరికి చక్రాల బండి కొన్నాను.
పద్నాలుగు కర్రల్లో ఏడు ఇంట్లో వదిలేశాను.
బండి చూసి వాడి మొహం నల్లబడింది.
"ఇంక నన్నెందుకు పిలుత్తారు."
దానికి నా దగ్గర ఫిజియో చెప్పిన జవాబు లేదు.
అదే కూలీ, బండి నువ్వే లాగు అన్నాను.
రెండ్రోజులు రాలేదు.
మూడోరోజు వచ్చి
చక్రానికి నూనె వెయ్యలేదని నన్నే తిట్టాడు.

ఇప్పుడు తొమ్మిది గుంటలే ఆడుతున్నాం.
ఆడుతున్నాం అనే అంటాను, వాడు ఒప్పుకోడు.
మొదలెట్టే ముందు అదే బెంచీ,
చెరో తువ్వాలు, చెరో మోకాలు.
సముద్రం వైపునించి గాలి,
ఎక్కడో ఓడ కూత. ఎవరు తిప్పుతున్నారో.

"ఏడు" అని వదిలేశాను.
వాడు కళ్లు తెరవలేదు.
"ఇంకా మూడున్నాయి బాబూ."