అర చుట్టు మిగలాలె

అల్ ఐన్ సనాయల మా షాపుకు పేరు లేదు.
షట్టరు మీద ఎవరో రంపం బొమ్మ గీసిండు,
అది చేప లెక్క కొట్టింది.
అప్పటిసంది చేప దుకాణం అనే అంటరు.
వారానికి ఒకడన్న వచ్చి షేరీ చేప ఉందా అని అడుగుతడు.

మగ్రిబ్ బాంగు అయినంక వచ్చిండు షఫీకుల్,
హిలీ తోటల కాడినుంచి,
సైకిల్ వెనక గోనెసంచిల రంపం కట్టుకొని.
పిడి లేదు.
చెట్టు మీదినుంచి ఎగిరి ఫలజ్ కాలువల పడిందట,
పడంగనే కొట్టుకపోయిందట.
తాడు తెగిన కొస
మక్కకంకి పీచు లెక్క విచ్చుకొని ఉంది.

తెగిన తాడు అబద్ధం ఆడదు.
సక్కగ గుంజినోనిది ముడి కాడ తెగుతది,
ఏండ్లు పట్టి, పాతబడి.
పక్కకు గుంజినోనిది కన్నం అంచుకు రాసుకొని తెగుతది.
ఇది అంచు కాడ తెగింది.
అంటే నిచ్చెన మీద నిలబడి
ఒక చేత్తో మిషన్, ఒక చేత్తో పిడి.
అట్ల చెయ్యొద్దని వానికి ఎరుకే.
శుక్రారం లోపల పురుగు పట్టిన చెట్లు నలభై పడాలన్నడట అర్బాబ్.
నేనేం అనలే.

నాలుగు స్క్రూలు. మూత.
లోపల పుల్లీ, పుల్లీ కింద స్ప్రింగు,
జిలేబీ చుట్టు.
తీపి మాత్రం కాదు, తొందరపడితే లేచి మొహానికొస్తది.
నా బొటనవేలి మీది గీత దాని దస్కతే.

తాడు రెండు మూరలు, మీద నాలుగేళ్ళు.
టేపు ఉంది, గోడకే ఉంది.
నా చెయ్యి మాత్రం మూరేసే కొలుస్తది.
మా పెదనాయిన లస్మాగౌడు మోకు అట్లనే కొలిచేటోడు,
పొద్దుగాల చెట్టెక్కే ముందు
మూర మూర తడిమి చూసేటోడు,
కొత్త మోకైనా సరే, నిన్ననే చూసిందైనా సరే.
నేను రెండేండ్లు ఎక్కిన.
ఈతచెట్టుకు సుట్టమే ఈ ఖర్జూరం.
అక్కడ గీస్తిమి, ఇక్కడ కోస్తున్నం.
అంతకు మించి దాని గురించి ఆలోచించ.

లైటర్‌తో కొస కాల్చి, వేళ్ళతో నలిపి మొన తీసిన.
నైలాను వాసన, కాలిన వేలి వాసన.
కొత్త పిడి ఇరవై అయిదు దిరమ్‌లు,
వాని జేబుల పది.
చైన్ల ఇరికిన ఖర్జూరపు మట్ట పెచ్చు తీసి
దీంతోని చెక్కరాదా భాయ్ అన్నడు.
చెక్కి చూసిన.
రెండో గుంజుడుకే పీచు పీచు అయింది.
ఇద్దరం నవ్వినం.
డబ్బాల వెతికితే చచ్చిన జనరేటరు పిడి దొరికింది,
నారింజ రంగుది, ఒక చెవ్వు విరిగింది.
పట్టింది.

ముడి పిడి లోపలికి పోతది, బయటికి కనబడది.
అందుకనే రెండుసార్లు ఏసిన.

స్ప్రింగు తిప్పుడే అసలు పని.
తక్కువ తిప్పితే పిడి నాలుక లెక్క బయట ఏలాడుతది.
ఎక్కువ తిప్పితే ఒకనాడు లోపలనే పుటుక్కుమంటది.
తాడు మొత్తం గుంజి పట్టుకొని
పుల్లీని వేలుతోని నూకి చూస్త.
ఇంకో అర చుట్టు తిరగాలె.

ఆ అర చుట్టు ఎందుకు, ఎన్నడూ వాడం గదా అన్నడు షఫీకుల్.
వాడనీకి కాదు, ఉండనీకి అన్న.
వాడు రంపం దిక్కు కాదు,
తన భుజం దిక్కు చూసుకున్నడు.

మొదటి గుంజుడు, ఏం లేదు.
రెండు. మూడోదానికి దగ్గింది.
చోకు తీసి నాలుగోది గుంజినంక
షాపంత పొగ, ఎదురు షాపు పఠాను తిట్లు.

పది తీసుకొని రెండు తిరిగిచ్చిన.
నిచ్చెన దిగి స్టార్ట్ చెయ్యి అన్న, ఆఖరికి.
తలూపిండు.
శుక్రారం దాక ఆగుతదా ఆ తలూపుడు, తెల్వదు.

మిగిలిన తాడు మూరెడు.
రూముల బట్టలారేసే తీగ తెగి నెల అయింది,
దానికి ముడేసిన.
లింబాద్రి తడి డాంగ్రీ ఆరేసిండు.
కిందికి జారింది గని
తెగలే.