మొదటి మూడడుగులు

కుర్చీలోంచి లేచాక
మొదటి మూడడుగులే కష్టం.
నాలుగోది నాది.
ఆ తర్వాత నీళ్ళ అంచు దాకా
దోసిండా తుంటి లోహందని
ఎవడూ కనిపెట్టలేడు.

పదమూడేళ్ళయింది కోయించుకుని.
కారిల్ ఇసుకమేటల్లో గుల్లలేరే ఆడవాళ్ళలో
అందరికన్నా ముందు నేనే.
కొత్త పడవ దించితే వచ్చినట్టు
మా ఇంటికి జనం వచ్చారు.
అరిగిన ఎముక తల కోసి తీసేశారనీ
తొడలోకి టైటానియం కడ్డీ దిగ్గొట్టారనీ
పైన గిన్నెలో ప్లాస్టిక్ పొర పరిచారనీ చెబితే
ఎర్మిటాస్ పగలబడి నవ్వింది:
"అట్లు పోస్తారా ఏమిటే అందులో!"

నవ్వితే నవ్వింది.
రెండో నెలకల్లా
మోకాలి లోతు బురదలో నేనూ, నా పారా.

ఇప్పుడు, ఎనిమిది నెలలుగా, దాస్తున్నాను.
కొలతకు రాని పిల్లగుల్లల్ని
బకెట్ అడుగున దాచినట్టే దాచాను.
రాత్రి పక్క మీద ఒత్తిగిలితే
అమారో గొణుగుతాడు,
"గడియ చప్పుడైంది, చూసి రానా?"
గాలిలే, పడుకో, అంటాను.
ఆ రాత్రి గాలి లేదు.
ఉండి ఉంటే మాత్రం అది కిటికీ కొడుతుంది గానీ
తొడలో తడుతుందా?

డాక్టర్ ఉషియా ఎక్స్‌రేని వెలుగుకు పెట్టింది.
దాని వాళ్ళమ్మమ్మ నా పక్కనే ఏరేది,
తిట్లలో ఆమెను మించినది లేదు ఈ తీరంలో.
పిల్లది మాత్రం మెత్తగా చెప్పింది:
"ఇదిగో, లోహానికీ ఎముకకీ మధ్య
ఈ నల్ల గీత.
పోయినసారి లేదు."
వెంట్రుక మందం.

"ఒరుసుకుని ఒరుసుకుని ప్లాస్టిక్ పొడి రాలింది.
దాన్ని మింగడానికి
మీ ఒంట్లో కాపలా కణాలు వచ్చాయి.
ప్లాస్టిక్ అరగదు కదా.
ఆ రేగుడులో పక్కనున్న ఎముక
కరిగిపోతూ వచ్చింది."

"అంటే నన్ను తిన్నది నేనేనా?"

పిల్లది పెన్ను మూత పెట్టింది, తీసింది.
"అలా అనుకోవచ్చు."

నాకు వింత అనిపించలేదు.
ఆటు తీసే వేళ
ఒకేచోట నిలబడి చూడు.
నీళ్ళు నిన్నేమీ అనవు,
చుట్టూ తిరిగి వెళ్తాయంతే.
బూటు కింద ఇసుక మాత్రం
రవ్వ రవ్వగా సెలవు తీసుకుంటుంది.
కంటికన్నా ముందు
మడమకు తెలుస్తుంది.

మళ్ళీ కోయాలట.
పాత కడ్డీ పెరికి, పొడుగుది వేసి
గుల్లబారిన చోట
ఎముకల బ్యాంకు నుంచి తెచ్చిన ఎముకను
బియ్యపు నూకలా చిదిపి కూరుతారట.
"ఎవరిది?" అన్నాను.
"మీలాగే తుంటి మార్పించుకున్నవాళ్ళది.
తీసేసిన తలను ఇచ్చి పోతారు.
మీరూ ఇచ్చారుగా, కాగితం మీద సంతకం ఉంది."

నాకు గుర్తే లేదు.
మత్తుకు ముందు
ఏది పెడితే దాని మీద గీసి ఉంటాను.

ఆ సాయంత్రం బస్సులో
ఎక్కుతున్న వాళ్ళ కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.
ఎవడో ఒకడు
ఇన్నేళ్ళుగా నన్ను తొక్కుతూ తిరుగుతున్నాడన్నమాట,
పెళ్ళిళ్ళకీ, చావులకీ,
నేను ఎన్నడూ ఎక్కని మెట్ల మీదికీ.
మంచిగా నడుస్తున్నాడో, కుంటుతున్నాడో.

నాలోకి రాబోయేది ఎవరో వాళ్ళు చెప్పరు.
కొండల్లో ఆవులు కాచుకున్న మనిషే అయితే,
లూగో అవతల, మంచులో,
సముద్రం మొహం చూడనివాడైతే,
పాపం, తెల్లవారుజాము అయిదింటికి
చన్నీళ్ళలోకి దింపుతాను.
మొదటి రోజు తిట్టుకుంటాడు.
తిట్టుకోనీ.

అమారోకి ఇంకా చెప్పలేదు.
పొయ్యి మీద చారు మరుగుతోంది.
బల్ల అంచు పట్టుకుని లేస్తాను,
ఒకటి.
గడియ చప్పుడు.
రెండు.
పేపర్ వెనకనుంచి అతను తల ఎత్తడు,
"నాకు తెలుసు దోసిండా," అంటాడు.
మూడోది పడక
అలాగే నిలబడ్డాను.