అవతలి తోలు

గుండు లోపలికి పోయిన చోటుతో నాకు పెద్ద పని లేదు.
మిరపగింజంత ఉంటాది అది,
బొచ్చు పక్కకు దువ్వితే గానీ కనపడదు.
నేను చెయ్యి పెట్టి తడిమేది
అవతలి తోలు.

ఇరవై రెండేండ్లు మిడ్తూరు పశువుల ఆసుపత్రిలో.
డాక్టర్లు మారినారు, కత్తి మారలేదు.
ఫారెస్టోళ్లు జీపు ఎనకపక్క గోనెపట్ట కింద తెచ్చి దించేవాళ్లు.
"మద్దిలేటీ, గుండు కావాల, కోర్టుకు."
గుండు కావాల.
జింకను ఏం చేయాలో ఏ కాగితంలోనూ ఉండదు.

మనుబోతు ఒకటి వచ్చింది, నల్లమల అంచు నుంచి,
ఎద్దంత ఒళ్లు, నలుగురం పట్టినా బల్ల మీదికి రాలేదు.
నేల మీదనే కోసినా.
ఉరుకెక్కువ, బరువు తక్కువ గుండు.
భుజం బొమికె మీద పడి పెంకులు పెంకులైంది,
కండలో ఆవాలు చల్లినట్టు సీసం.
ఒక్క ముక్క కూడా ఊపిరితిత్తి దాకా పోలేదు.
నాలుగు దినాలు నడిచిందంట,
పురుగు పట్టిన భుజంతోనే వాగులో నీళ్లు తాగిందంట.
"బొమికె గెలిచింది" అన్నాడు కొత్త డాక్టరు.
గెలిచినదాన్ని నేను కుట్లేసి మూట కట్టినా.

రోళ్లపాడు బీట్లో కొట్టిన ఇర్రి ఇంకో మాదిరి.
మెలికల కొమ్ములు, నలుపు తిరిగిన వీపు,
పడిన చోటే పడిందంట, నోట్లో గడ్డిపోచ అట్లనే ఉంది.
అవతలి తోలు కింద వేలికి తగిలింది,
నానిన శనగ్గింజ మాదిరి.
కడిగి చూస్తే
విచ్చుకున్న జిల్లేడు పువ్వు.
రాగి రేకలు ఎనక్కి మడిచి, నడుమ సీసం.
అంత అందంగా ఉండకూడదు అది.

పీరాసాబ్ తాతకు చూపించినా.
వయసులో ఉన్నప్పుడు దొరలకు తోటాలు నింపినోడు,
ఇప్పుడు గొడుగులు బాగు చేస్తాడు.
చూపు లేదు, బొటనవేలితో చూసినాడు.
"తూకం తెలిసినోడు కొట్టినాడురా.
కొట్టే ముందు ఒళ్లు ఎంతో చూడాల.
గుండు అవతలి తోలు కాడ ఆగాల.
అది దాటినాక
అది నీ గుండు కాదు, ఎవరిదో."

చింకారా వచ్చింది తర్వాతి ఎండాకాలం.
ఈనని మేకంత ఉంది, ఒక్కన్నే ఎత్తుకున్నా.
దీన్ని దేంతో కొట్టినారో!
పెద్ద మెకానికి పోసిన గట్టి గుండు,
ఈ ఒంట్లో విచ్చుకునేంత జాగా యాడిది?
ఇవతల మిరపగింజంత, అవతల మిరపగింజంత.
బల్బుకు ఎత్తి పట్టుకుంటే
తోలు గుండా వెలుతురు పడింది నా బనీను మీద.
ఏమీ కానట్టు అర్ధమైలు ఉరికిందంట.
రేంజరు తిట్టినాడు, కేసు నిలబడదని.
పుస్తకంలో రాసినా: గుండు, దొరకలేదు.

రెండు వారాలకు సవారమ్మ వచ్చింది, బర్రెకు సూది ఏయించను.
కొంగు ముడి ఇప్పి బల్ల మీద పెట్టింది.
వంకర కూడా పోలేదు దానికి.
కొర్ర చేను కాడ, మంచె గుంజలో ఉన్నిందంట.
"నేను వీపు ఆనించే గుంజ, అన్నా.
ఆ రాత్రి నీళ్లకని దిగినా."
రేకు డబ్బా కొట్టుకుంటా జింకల్ని తిడతానే ఉందంట అప్పటిదాకా,
పైరంతా మేసిపోతున్నాయని.
దాన్ని వేలితో తిప్పింది.
"దాని ఒంట్లో నుంచి వచ్చిందా ఇది?"

అవునన్లేదు నేను. కాదన్లేదు.
కోర్టుకు రానంది, మళ్లీ ముడేసుకుని పోయింది.
బర్రె ఈనింది.

మొన్న ఆ దావనే సైకిల్ మీద వస్తాంటే చూసినా.
ఇంకా డబ్బా కొడతాంది, ఇంకా తిడతాంది,
అదే మంచె, అదే గుంజ.
ఇప్పుడు మాత్రం పక్కకు తిరిగి నిలబడతాది,
ఒళ్లు
సన్నగా కనపడేట్టు.