కోయకుండా

పీణ్య రెండో స్టేజిలో, కొలిమి షెడ్డు పక్క గదిలో
నా పని ఉక్కును పలకరించడం.
రెండు కాళ్ళ అయస్కాంతాన్ని పిన్ను మీద ఆనిస్తాను.
నిండా పట్టించి,
కరెంటు వెనక్కి తిప్పుతాను, మెల్లగా.
పట్టినదాన్ని వదలడానికి
అది ఎంత ఎదురు అడుగుతుందో
అదీ దాని మొండితనం.
మొండిది గట్టిది.
మెత్తనిది ఊ అనకముందే మరిచిపోతుంది.

ముప్పై ఒకటి. ముప్పై. ముప్పై ఒకటిన్నర.
నెత్తిమీద మెట్రో పోతున్నంతసేపూ చేయి తీసి ఆగుతాను.
ముప్పై. ముప్పై ఒకటి.
పద్దెనిమిది.

నూనె ఉందేమో అని గుడ్డతో తుడిచాను.
పద్దెనిమిదే.
పక్కది పంతొమ్మిది. ట్రేలో ఎడమ మూలంతా అట్లాగే.
పైకి అన్నీ ఒకటే నలుపు, ఒకటే నునుపు,
ఒకే ట్రాక్టరు కింద ఒకే బురదలోకి పోవలసినవి.

గంగులప్ప వచ్చాడు.
ముప్పై రెండేళ్ళుగా ఆ కొలిమి ఆయనది.
మడకశిర మనిషి, మా ఊరికి ఆరు మైళ్ళు.
మిషను వైపు చూడనైనా చూడలేదు,
జేబులోంచి విరిగిన ఆకురాయి ముక్క తీసి
పిన్ను చివర ఒక్క గీటు.
జారాలి ఆకురాయి.
కరిచింది.
ఆ చప్పుడు ఇద్దరం విన్నాం.

"రేత్రి రెండింటప్పుడు కరెంటు పాయ పాపా,
జనరేటరు అందుకునేదానికి పదకొండు నిమిషాలు పట్టె.
బుక్కులో మూడని రాస్తి."

మేనేజరు నాణయ్యకు సూది మాట చాలలేదు,
గీటు మాట అంతకన్నా చాలలేదు.
నాలుగు వందల పిన్నులు ఆపాలంటే
కంటితో చూడాలన్నాడు.
కోశాం.
నునుపు చేసి, యాసిడ్ రాసి, భూతద్దం కింద పెడితే
ముదురు రంగు మధ్య తెల్లతెల్లగా మెత్తటి మచ్చలు.
కోయకుండా చెప్పే మిషనును నమ్మడానికి
ఒకదాన్ని కోయవలసి వచ్చింది.
ఎవరం నవ్వలేదు.

గంగులప్ప బుక్కు తెప్పించుకుని
మూడు కొట్టేసి పదకొండు రాసి, పక్కన సంతకం పెట్టాడు.
ఆ మూడు గీత కింద ఇంకా చదవడానికి వస్తుంది.

సాయంత్రం, నిలబడ్డవాటిని
ఒక్కొక్కటే కాయిల్ గుండా లాగాను.
అటు ఇటు ఊగి, ఊగి,
వాటిలో నేను పెట్టింది సద్దుమణుగుతుంది.
లేకుంటే పోయిన చోటల్లా
ఇనుప రజను పోగేసుకుంటాయి.
అడిగిన గుర్తు మిగలకుండా పంపాలి, నియమం.
గుండుసూది దగ్గరికి తెచ్చి చూస్తాను,
అంటుకోలేదంటే ఖాళీ.

ట్రేలన్నీ లారీ ఎక్కాక
గుండుసూది టేబులు మీద పెట్టబోతే
చేతిలోంచి లాక్కున్నట్టు ఎగిరి
ఆయన మరిచిపోయి వెళ్ళిన ఆకురాయి ముక్కకు
అతుక్కుంది.